బండి పాతదే... మరి గుండె?

"ఇంజిన్ ఒరిజినలేనా అంకుల్?"

పాత కారు అమ్మకానికి పెట్టిన ఏ ఇంట్లోనైనా, చూడ్డానికొచ్చిన కుర్రాడు ముందు అడిగే ప్రశ్న ఇదే. మారేడ్‌పల్లిలోనో పద్మారావునగర్‌లోనో పోర్టికోలో ఏళ్ల తరబడి టార్పాలిన్ కప్పుకుని నిద్రపోతున్న అంబాసిడర్. ఇంటాయన దుమ్ము దులిపి బానెట్ ఎత్తుతాడు. "మా నాన్నగారు కొన్నప్పటిదే బాబూ. ఒక్క నట్టు కూడా మార్చలేదు" అంటాడు. ఆయన అబద్ధమాడటం లేదు, తనకు తెలిసింది చెబుతున్నాడు. సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి ఆవిడ గొంతు వినిపిస్తుంది. "అదేమిటండీ, పెద్దాడు పుట్టిన ఏడాది మామయ్యగారు ఇంజిన్ దించి రెండు నెలలు షెడ్డులో పెట్టలేదూ?"

అంతే. కుర్రాడి మొహం మారిపోతుంది. జేబులోంచి తీయబోయిన అడ్వాన్సు జేబులోనే ఉండిపోతుంది.

ఇంజిన్ దించడం వేరు, ఇంజిన్ మార్చడం వేరు. ఆ రెండు నెలల్లో షెడ్డులో జరిగింది రీబోరింగా, లేక వేరే బండి బ్లాకు వచ్చి కూర్చుందా? మామయ్యగారు లేరు. మేస్త్రి ఉన్నాడో లేడో తెలీదు. ఇక చెప్పాల్సింది ఆ ఇనుమే. విశేషం ఏమిటంటే... అడగడం తెలిస్తే అది చెబుతుంది కూడా!

మూడు చోట్ల ఒకే మాట

ప్రతి బండికీ రెండు నంబర్లుంటాయి. ఒకటి చాసిస్‌ది, రెండోది ఇంజిన్‌ది. ఈ రెండూ ఆర్‌సీ పుస్తకంలో రాసి ఉంటాయి. బండి మీదున్నవీ, పుస్తకంలో ఉన్నవీ కలిస్తే సగం గండం గట్టెక్కినట్టే. పాత కార్ల మోజున్నవాళ్లు దీన్నే 'మ్యాచింగ్ నంబర్స్' అంటారు. తిరుమలగిరిలోని ఆర్టీయే ఆఫీసుకు బండి తీసుకెళ్లిన ఎవరికైనా ఈ తంతు కొంత పరిచయమే. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దితే అంకెలు అచ్చు దిగుతాయి కదా! రిజిస్ట్రేషన్ దరఖాస్తులో ఆ పెన్సిల్ ప్రింటుకు ప్రత్యేకంగా చోటే ఉంటుంది. అదే పని ఇంజిన్ నంబరు మీద చేసి చూసినవాళ్లు మాత్రం తక్కువ.

ముందుగా ఆ నంబరు దొరకాలి కదా. యాభై ఏళ్ల ఆయిలు, గ్రీజు, దుమ్ము కలిసి పొరలు పొరలుగా పేరుకుపోయి ఉంటాయి. ఇక్కడే చాలామంది తొందరపడి ఎమరీ పేపరందుకుంటారు. అది తప్పు. ఎమరీ పేపరు మురికితోపాటు సాక్ష్యాన్ని కూడా గీకేస్తుంది. కిరోసిన్‌లో ముంచిన గుడ్డ, మెత్తటి బ్రష్షు, కాస్త ఓపిక ఉంటే చాలు. శుభ్రం చేశాక టార్చిలైటును ఎదురుగా కాకుండా పక్కవాటుగా వేయాలి. ఏటవాలు వెలుతురులో అంకెల గుంటలు నీడ పట్టి పైకి తేలతాయి.

ఇంజిన్ బ్లాకు మీద కనిపించే అంకెలన్నీ ఒకటి కాదు. కొన్ని ఉబ్బెత్తుగా ఉంటాయి, కొన్ని గుంటపడి ఉంటాయి. ఉబ్బెత్తువి ఫౌండ్రీలో ఇనుము పోతపోసినప్పుడే అచ్చులోంచి వచ్చినవి. అవి ఆ రకం బ్లాకులన్నిటికీ ఒకటే. గుంటపడినవి తర్వాత పంచ్‌తో కొట్టినవి. ఆ ఒక్క ఇంజిన్‌కు మాత్రమే చెందినవి. మొదటిది ఇంటిపేరు, రెండోది సొంత పేరు అనుకోవచ్చు. ఆర్‌సీలో ఉండేది సొంత పేరు. కానీ ఇంటిపేరు తప్పయితే సొంత పేరు కలిసినా అనుమానించాల్సిందే.

అమెరికన్ కార్లలో ఈ పోత గుర్తులు మరీ ముచ్చటగా ఉంటాయి. పాత షెవర్లే బ్లాకుల మీద ఒక అక్షరం, దాని పక్కన అంకెలు కనిపిస్తాయి. అక్షరం నెల. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, సి అంటే మార్చి. తర్వాత తేదీ, చివర సంవత్సరంలోని ఆఖరి అంకె. సి-12-7 అని ఉంటే 1957 మార్చి 12న పోతపోసిన బ్లాకు కావచ్చు. అయితే 1967ది కూడా కావచ్చు. అది తేల్చేది మోడలే. ఇక్కడో చిన్న లెక్కుంది. బ్లాకు ముందు పుట్టాలి, కారు తర్వాత పుట్టాలి. ఇంపాలా తయారైన తేదీ కంటే దాని ఇంజిన్ పోతపోసిన తేదీ తర్వాతదైతే ఆ ఇంజిన్ ఆ కారుతో పుట్టలేదన్నమాట. దానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు, కేలండరు చాలు.

తలకాయ చూసి పోల్చుకోవడం

నంబర్ల దాకా పోకుండానే కొన్ని సంగతులు కంటికి తెలిసిపోతాయి. అంబాసిడర్‌నే తీసుకుంటే... ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారే మన దగ్గర హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్ అయింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారాలో 2014 మే దాకా తయారైంది. మొదట్లో వచ్చిన బళ్లలో ఉన్నది 1,476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజిన్. 1959లో దాని స్థానంలో 1,489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిన్ వచ్చింది. చూడ్డానికి రెండిటికీ పోలికే లేదు. సైడ్ వాల్వ్ ఇంజిన్ తల చదునుగా పలకలా ఉంటుంది, ప్లగ్గులు నెత్తిమీద నిలబడి ఉంటాయి. రెండోదానికి నెత్తిన పొడవాటి రేకు మూత ఉంటుంది. మేస్త్రీలు 'ట్యాపెట్ కవర్' అనేది దాన్నే. 1958 నాటి బండి అని చెప్పి బానెట్ ఎత్తితే ట్యాపెట్ కవర్ కనిపించిందంటే ఇక నంబరు వెతకడం దండగ.

ఆ తర్వాత కథ ఇంకా చిక్కనిది. 1980 ప్రాంతంలో డీజిల్ అంబాసిడర్ వచ్చింది. 1990ల మొదట్లో 1,817 సీసీ ఇసుజు ఇంజిన్ వచ్చింది. పెట్రోలు, డీజిలు ధరల మధ్య తేడా ఎక్కువగా ఉన్న రోజుల్లో ట్యాక్సీ నడిపేవాళ్లు పెట్రోలు ఇంజిన్ దించేసి డీజిల్ ఇంజిన్ బిగించుకునేవాళ్లు. దొంగతనంగా ఏమీ కాదు, బతుకుదెరువు కోసం. అలా విడిపోయిన ఒరిజినల్ ఇంజిన్లు ఎన్ని తుక్కుకింద కరిగిపోయాయో! ఈరోజు ఆ బండిని మళ్లీ పెట్రోలుకు మార్చి 'మొదటినుంచీ ఇంతే' అనేవాళ్లున్నారు. అలాంటప్పుడు చూడాల్సింది ఇంజిన్‌ను కాదు, దాని చుట్టుపక్కల. అదనంగా వెల్డింగ్ చేసిన ఇంజిన్ పౌండేషన్లు, కోసి మళ్లీ అతికిన క్రాస్ మెంబరు, ఎందుకున్నాయో తెలియని బోల్టు రంధ్రాలు... కాపురం మారినా గోడకు మేకుల గుర్తులు పోవు కదా.

జీపుల సంగతి జీపులదే

సికింద్రాబాద్‌లో ఈ ముచ్చట వచ్చిందంటే జీపు దగ్గర ఆగకుండా ముందుకు కదలదు. కంటోన్మెంటు ఊరు మరి! సైన్యం వేలంలో అమ్మిన జీపులు కొని, రాణిగంజ్‌లో స్పేర్లు వెతుక్కుని, ఇంట్లో బిడ్డలా చూసుకున్నవాళ్లు ఇక్కడ తరాల నుంచీ ఉన్నారు. అందరూ పిలిచేది 'విల్లీస్' అనే. కానీ రెండో ప్రపంచ యుద్ధకాలంలో అచ్చం ఒకేలా ఉండే ఆ జీపును రెండు కంపెనీలు చేశాయి. విల్లీస్ కంపెనీ సుమారు మూడు లక్షల అరవై వేలు, ఫోర్డ్ సుమారు రెండు లక్షల ఎనభై వేలు. విల్లీస్‌ది ఎంబీ, ఫోర్డ్‌ది జీపీడబ్ల్యూ. 'డబ్ల్యూ' అంటే విల్లీస్ డిజైనని. ఒకదాని విడిభాగం రెండోదానికి బిగిసిపోవాలన్నదే సైన్యం షరతు. యుద్ధంలో అది వరం. డెబ్భై ఎనభై ఏళ్ల తర్వాత 'ఏది అసలు, ఏది అతుకు' అని తేల్చాలనుకునేవాడికి అదే శాపం!

అయినా ఆనవాళ్లున్నాయి. ఇంజిన్ నంబరు ముందు ఎంబీ అని ఉంటే విల్లీస్, జీపీడబ్ల్యూ అని ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ వాళ్లకు ఇంకో అలవాటుంది. చిన్నాచితకా భాగాలతో సహా బోల్టు తలల మీద కూడా తమ 'ఎఫ్' అక్షరం వేసేవాళ్లు. అందుకే ఫోర్డ్ జీపు ప్రియులు భూతద్దం పట్టుకుని బండి కింద దూరి ఒక్కో బోల్టూ చదువుతుంటారు. ఇంట్లోవాళ్లకు అది పిచ్చిలా కనిపించడంలో ఆశ్చర్యమేమీ లేదు.

ఇక్కడే చాలామంది బోల్తాపడే విషయం ఒకటుంది. ఫోర్డ్ జీపు ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చినప్పుడు దాని చాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు ఒకటే. విల్లీస్‌కు అలా కాదు. రెండు నంబర్లూ వేరు వేరు, ఇంజిన్‌ది కొన్ని వేలు ఎక్కువే ఉంటుంది. ఈ సంగతి తెలియక 'రెండు నంబర్లూ కలవలేదు, ఇంజిన్ మార్చేశారు' అని మంచి విల్లీస్‌ను వదులుకున్నవాడు నష్టపోతాడు. ఒక విల్లీస్‌లో ఆ రెండు నంబర్లూ అచ్చుగుద్దినట్టు ఒకటే ఉంటే... అప్పుడు అనుమానించాలి. ఎవరో పనిగట్టుకుని కొట్టించి ఉండొచ్చు.

పైగా సైన్యం పద్ధతి వేరు. జీపు ఆగకుండా తిరగడం ముఖ్యం గానీ దాని జాతకం కాదు. వర్క్‌షాపులో ఓవర్‌హాల్ చేసి సిద్ధంగా పెట్టిన ఇంజిన్లలో ఒకటి దింపి, ఒకటి ఎక్కించి పంపేయడమే. యుద్ధకాలపు జీపు ఇంకా తన పుట్టు ఇంజిన్‌తోనే ఉండటం అరుదు. కాబట్టి యుద్ధ జీపు విషయంలో తెలిసినవాళ్లు 'ఇదే ఇంజినా?' అని అడగరు, 'ఈ కాలపు ఇంజినేనా?' అని అడుగుతారు. అది న్యాయమైన ప్రశ్న.

మహీంద్రావారి పాత సీజే-3బి సంగతి కంటితోనే తేలుతుంది. ఆ జీపు బానెట్ అంత ఎత్తుగా ఎందుకుంటుందో చాలామందికి తెలియదు. లోపల పెట్టిన హరికేన్ ఇంజిన్ యుద్ధకాలపు ఇంజిన్ కంటే పొడుగు. పట్టక, బానెట్ పైకి లేపారు. ఆ ఇంజిన్‌ను పొట్టి బానెట్ జీపులో కూర్చోబెట్టాలంటే రేకు కోతలూ అతుకులూ తప్పవు. ఆ అతుకులే సాక్షులు.

దొంగ అంకెలు

నంబరు కలిసిందని సంబరపడిపోవడానికి లేదు. నంబరు చెరిపి కొత్తది కొట్టడం పెద్ద విద్యేమీ కాదు. గ్రైండరు, పంచ్‌ల సెట్టు, సుత్తి ఉంటే చాలు. కొన్ని బ్రిటిష్ ఇంజిన్లకైతే అది కూడా అక్కర్లేదు. నంబరు చిన్న రేకు మీద ఉంటుంది, రేకును రెండు రివెట్లు పట్టి ఉంచుతాయి. రివెట్లు ఊడదీస్తే జాతకం మరో బ్లాకు మీదికి వెళ్లిపోతుంది. రేకు పాతది, రివెట్లు కొత్తగా మెరుస్తుంటే అదో సంకేతం.

పంచ్ కొట్టిన నంబరైతే దాని చుట్టూ ఉన్న ఇనుమును చూడాలి. ఫ్యాక్టరీ మిషన్ చదును చేసినప్పుడు సన్నటి గీతలు ఒకే వరుసలో, ఒకే దిక్కుకు పడతాయి. చేతి గ్రైండరు గీతలు అడ్డదిడ్డంగా, గుండ్రంగా తిరుగుతాయి. నంబరున్న చోటు మిగతా బ్లాకు కంటే కాస్త పల్లంగా ఉన్నా, అక్కడ మాత్రమే రంగు కొత్తగా ఉన్నా ఆగి ఆలోచించాలి. అంకెలు వంకరగా ఉన్నాయి కాబట్టి దొంగవి అనుకోవడం మాత్రం పొరపాటు. ఆ రోజుల్లో ఫ్యాక్టరీలో కూడా మనిషే సుత్తితో కొట్టేవాడు. మధ్యాహ్నం భోజనం తర్వాత కొట్టినవి కొంచెం వంగి ఉండటంలో వింతేముంది? చాలా పాత బండి మీద స్కేలు పెట్టి గీసినంత తిన్నగా అంకెలుంటేనే కొందరు నిపుణుల కనుబొమలు లేస్తాయి.

వివాదం పోలీసుల దాకా వెళితే కథ ప్రయోగశాలకు చేరుతుంది. రామంతాపూర్‌లోని కేంద్ర ఫోరెన్సిక్ లేబొరేటరీ లాంటి చోట్ల చెరిపేసిన నంబర్లను మళ్లీ పైకి రప్పించే పద్ధతులున్నాయి. సుత్తి దెబ్బకు అంకె గుంటపడుతుంది, నిజమే. కానీ ఆ దెబ్బ అక్కడితో ఆగదు. గుంట అడుగున ఉన్న లోహం కూడా కొంత లోతు దాకా నలుగుతుంది. పైనున్న అంకెను గ్రైండరుతో చదును చేసినా కింద నలిగిన లోహం నలిగినట్టే ఉంటుంది. హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాపర్ క్లోరైడ్ కలిపిన ద్రావణాన్ని దూదితో అద్దుతూ పోతే నలిగిన చోటు, నలగని చోటు వేరు వేరు వేగాలతో కరుగుతాయి. కాసేపటికి ఆ తేడా నీడలా తేలి పాత అంకె కనిపిస్తుంది. మళ్లీ మాయమయ్యేలోపు ఫొటో తీసుకోవాలి. ఉక్కు మీద ఇది బాగా పారుతుంది. ఇంజిన్ బ్లాకులు సాధారణంగా పోత ఇనుము. అది పెళుసు. అందులో దెబ్బ అంతగా లోతుకు దిగదు కాబట్టి అన్నిసార్లూ ఫలించదు. ఇది ఇంట్లో చేసి చూసే ప్రయోగం మాత్రం కాదు. ఆమ్లం ఒలికితే నంబరుతోపాటు చేతులు కూడా పోతాయి.

కోర్టుకెక్కిన బెంట్లీ

ఇంజిన్ మారిందని తేలిపోయింది సరే. అప్పుడు ఆ బండి ఆ బండి కాకుండా పోతుందా? ఈ తగువు 1990లో లండన్ హైకోర్టు దాకా వెళ్లింది. 'ఓల్డ్ నంబర్ వన్' అని ముద్దుపేరున్న బెంట్లీ స్పీడ్ సిక్స్ అది. 1929, 1930 సంవత్సరాల్లో వరసగా రెండుసార్లు ఫ్రాన్సులోని లె మాన్స్ 24 గంటల పందెం గెలిచింది. తర్వాత బ్రూక్‌ల్యాండ్స్ పందేల కోసం దాన్ని మార్చి మార్చి, చివరికి ఆరున్నర లీటర్ల ఇంజిన్ స్థానంలో ఎనిమిది లీటర్ల ఇంజిన్ పెట్టారు. 1932లో ఆ ఇంజిన్‌తోనే పందెంలో ప్రమాదానికి గురై నడుపుతున్న క్లైవ్ డన్‌ఫీ ప్రాణం తీసింది. ఆ తర్వాత మళ్లీ మరమ్మతులు, మళ్లీ మార్పులు. అరవై ఏళ్లు గడిచాక కోటి పౌండ్లకు బేరం కుదిరింది. అంతలో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. 'ఇందులో లె మాన్స్ గెలిచినప్పటి ఇనుము ఎంత మిగిలింది? ఇది ఆ కారే కాదు' అన్నారు.

జస్టిస్ ఆటన్ ముందు నట్లూ బోల్టులతో సహా వాదన నడిచింది. చివరికి ఆయన చెప్పింది... పందెం గెలిచిన రోజున ఉన్నట్టుగా ఇది 'ఒరిజినల్' అనలేం. కానీ ఈ బండి ఎక్కడా తెగిపోలేదు. ఒక్కో భాగం మారుతూ వచ్చినా, దాని చరిత్ర మాత్రం ఒక్క దారంలా నడిచింది. కాబట్టి ఇదే అసలైన ఓల్డ్ నంబర్ వన్. అమ్మినవాళ్లు గెలిచారు. బండి జాతకంలో ఇంజిన్ ఒక్కటే కాదు, కాగితాలూ ఫొటోలూ సాక్షులూ ఎంత బరువు తూగుతాయో ఆ తీర్పు చూపించింది.

మన చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపురంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ఇలాంటి పేచీ లేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి అది. 1911లో ఆయన కన్నుమూశాక హైదరాబాద్ చేరింది. సింహాసనంలాంటి సీటుతో బార్కర్ కంపెనీవాళ్లు బాడీ కట్టారు. ఊరేగింపులకు తప్ప బయటికి రాలేదు కాబట్టి తిరిగిన దూరం బహు తక్కువ. అరగని ఇంజిన్‌ను మార్చే అవసరం ఎవరికొస్తుంది? పైగా రోల్స్ రాయిస్ తన ప్రతి బండికీ చాసిస్ కార్డు రాసేది. చాసిస్, ఇంజిన్ నంబర్లు రెండూ అందులో ఎక్కేవి. శతాబ్దం దాటినా ఆ కార్డులు ఇంగ్లండ్‌లో భద్రంగా ఉన్నాయి. మోరిస్, ఆస్టిన్ లాంటి బ్రిటిష్ కార్లకు గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియం కూడా పాత రిజిస్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తుంది. మన మధ్యతరగతి అంబాసిడర్‌కు, ఫియట్‌కు అలాంటి రాజభోగం లేదు. దానికున్నది బీరువాలోని ఆర్‌సీ పుస్తకం, అదృష్టం బాగుంటే మేస్త్రి బిల్లు.

కాగితం మాటకొస్తే

2021 జులైలో కేంద్రం పాత వాహనాలకు కొత్త నిబంధనలు తెచ్చింది. యాభై ఏళ్లు నిండి, పెద్ద మార్పులేవీ చేయకుండా అసలు రూపంలోనే ఉంచిన కార్లు, బైకులు 'వింటేజ్' వాహనాలవుతాయి. పాత నంబరున్న బండి దాన్నే ఉంచుకోవచ్చు. కొత్తగా రిజిస్టర్ చేస్తే నంబరు ప్లేటులో 'వీఏ' అక్షరాలు చేరతాయి. ఫీజు ఇరవై వేలు, పదేళ్ల తర్వాత తిరిగి చేయించుకోవాలంటే ఐదు వేలు. రోజువారీ తిరుగుళ్లకూ, వ్యాపారానికీ ఆ బండి వాడకూడదు. 'అసలు రూపం' అన్న ఆ చిన్న మాటతో బానెట్ కింద ఏముందన్న ప్రశ్న ప్రభుత్వ కాగితంలోకి కూడా ఎక్కింది.

ఇంజిన్ మార్చడం నేరమేమీ కాదు. మార్చి చెప్పకపోవడంతోనే చిక్కు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా ఇంజిన్ మార్చాల్సి వస్తే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేసి ఆర్‌సీలో రాయించుకోవాలి. కాబట్టి ఆర్‌సీ పుస్తకం చూసేటప్పుడు మొదటి పేజీతో ఆగిపోకూడదు. వెనక పేజీల్లో ఎర్ర సిరాతోనో, రబ్బరు స్టాంపుతోనో రాసిన మార్పుల్ని చదవాలి. చేతిరాత పుస్తకం నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కేటప్పుడు 3 కాస్తా 8 అవుతుంది, సున్నా కాస్తా 'ఓ' అవుతుంది. ఒక్క అంకె తేడా ఉందని ఇంజిన్ మీద నింద వేసే ముందు పాత పుస్తకాన్నీ, పెన్సిల్ ప్రింటునూ పక్కపక్కన పెట్టి చూడటం మంచిది.

రీబోరు చేయిస్తే, స్లీవులు వేయిస్తే, పిస్టన్లు మారిస్తే ఇంజిన్ మారినట్టు కాదు. బ్లాకు అదే ఉన్నంతకాలం నంబరు అదే. షెడ్డుల్లో 'హాఫ్ ఇంజిన్' తెచ్చి వేశామంటేనే బ్లాకు మారినట్టు. పోర్టికోలోని అంబాసిడర్ తగువు తేలేది కూడా అక్కడే. కుర్రాడు రెండో ఆదివారం మళ్లీ వస్తాడు. ఈసారి టార్చిలైటు, తెల్లకాగితం, పెన్సిలు తెచ్చుకుంటాడు. ఇంటాయన కిరోసిన్ డబ్బా పట్టుకుని నిలబడతాడు. "మామయ్యగారి పెట్టె అటక మీదుంది, అందులో బిల్లులేవో ఉండాలి. నిచ్చెన పట్టుకోండి" అంటుంది ఆవిడ. ఆ కట్టలో రాణిగంజ్ దుకాణం బిల్లు దొరుకుతుంది. నాలుగు పిస్టన్లు, రింగుల సెట్టు, హెడ్ గ్యాస్కెట్, రీబోరింగ్ కూలీ. బ్లాకు ఊసే లేదు.

కుర్రాడు కాగితం మీద పెన్సిలు రుద్దడం మొదలుపెడతాడు.